రాలిన బత్తాయిలకు రాయచూరు వారంటు

మా ఇంటి పైవాటాలో కానిస్టేబుల్ పరీక్షకు కోచింగ్ తీసుకుంటున్న ముగ్గురు కుర్రవాళ్లు కిరాయికి ఉంటారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రతి మేడ మీదా ఎవరో ఒకరు ఏదో ఒక పరీక్షకు చదువుతూనే ఉంటారు కాబట్టి ఇందులో వింతేమీ లేదు. సాయంత్రం వాళ్లు కిందికి దిగితే నేను చెప్పే కథ ఒకటుంది. ఒక అంతర్రాష్ట్ర దొంగ. ఏడాదికి పైగా పరారీ. ఫోటో లేదు, ఫోన్ లేదు, ఊరి పేరు కూడా ఎవరికీ తెలియదు. ఒక్కణ్ని బయలుదేరాను. కృష్ణ దాటాను. తెలుగు ముక్క వినపడని పల్లెల్లో గొర్రెలు కొనేవాడి వేషంలో ఐదు రోజులు తిరిగాను. ఆరో రోజు తెల్లవారుజామున పత్తి చేలో మైలు దూరం తరిమి పట్టుకున్నాను. ఎడమ మోకాలు అప్పుడు పోయిందే.

కుర్రవాళ్లు నోరు తెరుచుకుని వింటారు. మా ఆవిడ మాత్రం లోపలినుంచి గిన్నెలు గట్టిగా పెడుతుంది.

ఇప్పుడు నిజం రాస్తాను. అతను అంతర్రాష్ట్ర దొంగ కాదు, పళ్ల మార్కెట్లో హమాలీ. నేను ఒక్కణ్ని పోలేదు, తోడు ఒక కానిస్టేబుల్ ఉన్నాడు. రాయచూరులో బస్సు దిగి, అక్కడి స్టేషన్‌లో చెప్పి, ఆటో ఎక్కి, ఆటో అతనికి ఒక కాగితం చూపిస్తే గంటలో ఇంటి ముందు దింపాడు. ఎవరూ పరుగెత్తలేదు. మోకాలు మా స్నానాల గదిలో జారి పోయింది.

ఆ కాగితం నా చేతికి ఎట్లా వచ్చిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. పోలీసు ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు చదవాలని నా కోరిక. మిగతావాళ్లు చదివితే నా పరువు పోతుంది, పోనివ్వండి.

చాయ్ హోటల్ రిపోర్టు

చివరి ఎనిమిదేళ్లు నేను ఎల్‌బీ నగర్ వైపు ఒక స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా వారంట్ల డ్యూటీ చేశాను. కేసులో ముద్దాయి వాయిదాకు రాకపోతే కోర్టు వారంటు ఇస్తుంది. అతన్ని వెతికి తేవడం మా పని. పెద్ద కేసులకు పెద్ద టీములుంటాయి. మా చేతికి వచ్చేవి చిన్నవి. సైకిలు పోయింది, కల్లు దుకాణంలో కొట్టుకున్నారు, పక్కింటి మోటారు పీకారు, ఇట్లాంటివి.

ఇందులో ఒక మర్మం ఉంది. ఏ కోచింగ్‌లోనూ చెప్పరు. వారంటు రాగానే ఎవరూ ఇంటికి పోరు. ఆ బస్తీ మొదట్లో చాయ్ హోటల్ దగ్గర కూర్చుంటారు. హోటల్ అతన్ని ఫలానా మనిషి ఉన్నాడా అని అడుగుతారు. అతను గ్లాసులు కడుగుతూ తల అడ్డంగా ఊపుతాడు. అంతే, రిపోర్టు తయారు: "సదరు ముద్దాయి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినట్లు, ఆచూకీ తెలియరానట్లు ఇరుగుపొరుగు వారు తెలిపినారు." ఆ ఇరుగూ పొరుగూ అంతా ఆ ఒక్క చాయ్‌వాలానే.

నా సర్వీసులో ఇట్లాంటివి ఎన్ని రాశానో చెప్పను. చెబితే మళ్లీ పెంచి చెబుతానేమోనని నాకే భయం.

రాలిన కాయ ఎవరిది

మల్లప్పది రాయచూరు అవతల ఒక చిన్న పల్లె. కొత్తపేటలో పళ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో పన్నెండేళ్లు అక్కడ హమాలీ. సైదాబాద్‌లో ఒక గది తీసుకుని ఉండేవాడు. మనిషి సన్నగా పొడుగ్గా, లారీ మీంచి దించే బరువంతా మెడలోకి దిగినట్టు తల కొంచెం ముందుకు వంచి నడిచేవాడు.

ఆ మార్కెట్లో ఒక ఆనవాయితీ ఉండేది. లారీ దించేటప్పుడు డబ్బా పగిలి కింద రాలిన కాయ హమాలీది. ఎవరూ రాసి పెట్టలేదు, ఎవరూ కాదనలేదు. దించడం అయిపోయాక నలుగురూ ఏరుకుని గోనెలో వేసుకుని పంచుకునేవాళ్లు. ఒక కమీషన్ దుకాణంలో పెద్దాయన పోయి కొత్త యజమాని కూర్చున్నాడు. ఆయనకు ఆనవాయితీ తెలియదో, తెలిసే పడలేదో, ఒక రోజు రెండు డబ్బాల బత్తాయిలు దొంగిలించారని నలుగురు హమాలీల మీద మా స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాడు.

ముగ్గురు కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి బయటపడ్డారు. మల్లప్ప ఒప్పుకోలేదు. నేనే చెప్పాను, ఒప్పుకో, ఒక్క పూటలో అయిపోతుంది అని. "రాలిన కాయ దొంగతనం ఎట్లయితది సారూ?" అన్నాడు. కేసు నడిచింది. రెండేళ్లు ప్రతి వాయిదాకూ కూలి పోగొట్టుకుని వచ్చి కోర్టు వరండాలో గోడకు ఆనుకుని నిలబడేవాడు. ఫిర్యాదు ఇచ్చినాయన ఒక్కసారి రాలేదు. సాక్షి రాక వాయిదా, జడ్జి గారు సెలవై వాయిదా.

తర్వాత మార్కెట్ ఎత్తేశారు. ఊరి బయట బాటసింగారానికి మార్చారు.

చీటీ

ఒక రోజు మల్లప్ప స్టేషన్‌కు వచ్చాడు. నేను భోజనం చేసి బెంచీ మీద కూర్చుని పళ్లు కుట్టుకుంటున్నాను. చేతిలో ఒక చీటీ, సైదాబాద్‌లో ఇంటి యజమానురాలి చేత రాయించుకొచ్చింది.

"బాటసింగారం రోజు పోయొస్తె చార్జీలకే పోతున్నయి సారూ. ఆడ నాయినకు పక్షవాతం అని ఫోనొచ్చింది. ఊరికి పోతున్న. గిది మా ఊరి పత్తా."

"సరే, పో. కోర్టుకు నేను చెప్త తీ," అన్నాను.

దండం పెట్టి పోయాడు. చీటీని నాలుగు మడతలు పెట్టి జేబు డైరీలో దోపాను. కోర్టుకు చెప్పలేదు. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, మరిచిపోయాను. పోలీసులో చెడ్డ ఉద్దేశంతో అయ్యే పాపాలు తక్కువ, కుర్రవాళ్లూ.

ఆర్నెల్లకు మల్లప్ప మీద వారంటు వచ్చింది. నేను సైదాబాద్ చాయ్ హోటల్లో కూర్చుని, తెలియరానట్లు ఇరుగుపొరుగు వారు తెలిపినారు అని రాసి సంతకం పెట్టాను. డైరీ నా జేబులోనే ఉంది.

సి.ఐ. గారి బోర్డు

తర్వాతి ఏడు మాకు కొత్త సి.ఐ. గారు వచ్చారు. గుంటూరు వైపు మనిషి, పనిమంతుడు, చాడీలు వినడు. ఆయన గదిలో ఒక తెల్ల బోర్డు పెట్టి, పెండింగు వారంట్ల సంఖ్య రోజూ రాయించేవారు. సంఖ్య తగ్గకపోతే మాట్లాడేవారు కాదు, బోర్డు వైపు చూసేవారు. ఆ చూపు తిట్లకంటే అన్యాయం.

"నరసింహా, మూడేళ్లుగా ఈ బత్తాయిల కేసేంటయ్యా? వాడు చంద్రమండలం మీద దాక్కున్నాడా ఏంటి?"

అప్పుడు గుర్తొచ్చింది. ఇంటికి పోయి పాత డైరీలన్నీ దులిపాను. చీటీ దొరికింది. ఇక్కడే నా బుద్ధి చూడండి. మర్నాడు పోయి, సార్, ఇది నా దగ్గరే ఉండిపోయింది అని చెప్పొచ్చు కదా? చెప్పలేదు. "సార్, ఇన్‌ఫార్మర్ ద్వారా జాడ తెలిసింది" అన్నాను. ఇన్‌ఫార్మర్ ఎవరయ్యా అంటే ముద్దాయే.

సి.ఐ. గారి ముఖం వెలిగింది. ఆ వెలుగు చూడక చాలా రోజులైంది. మర్నాడే బయలుదేరదీశారు.

రెండు చేతులు

మేం పోయేసరికి మల్లప్ప ఇంటి ముందు కూర్చుని పాలలో జొన్నరొట్టె నానబెట్టి తండ్రికి తినిపిస్తున్నాడు. ముసలాయనకు కుడి పక్క మొత్తం పడిపోయింది, మాట లేదు. కోడలు పెట్టినా మనవరాలు పెట్టినా నోరు బిగించేవాడట. కొడుకు చేత్తో పెడితేనే తింటాడని అక్కడి మనుషులు చెప్పారు.

మల్లప్ప నన్ను గుర్తుపట్టాడు. భయపడలేదు. నేను చుట్టాన్నైనట్టు లేచి, "దొరికిందా సారూ ఇల్లు? పత్తా సరిగనే రాసిందా ఆమె?" అన్నాడు.

నా తోడు వచ్చిన కానిస్టేబుల్ నా ముఖం చూశాడు. నేను వారంటు తీశాను.

చదివి వినిపించాక మల్లప్ప తండ్రి మూతి తుడిచాడు. తర్వాత, "రెండు దినాలు టైమియ్యుర్రి. నేను లేకపోతే నాయిన తినడు. చెల్లెను పిలిపిస్త, దానికి అలవాటు చేసి నేనే వస్త," అన్నాడు.

రెండు రోజులు. వస్తానన్నవాడు రెండేళ్లు వచ్చినవాడే. అది నాకు తెలుసు. కానీ బోర్డు వైపు చూసే ఆ చూపు కూడా తెలుసు. కుదరదన్నాను.

ముసలాయనకు అర్థమైంది. పనిచేసే ఆ ఎడమ చేత్తో కొడుకు మణికట్టు పట్టుకున్నాడు. రెండో మణికట్టు నేను పట్టుకున్నాను. ఎవరి పట్టు గట్టిదో అందరికీ తెలుసు కనక ఎక్కువసేపు పట్టలేదు. వేళ్లు ఒక్కొక్కటీ మల్లప్పే విడదీశాడు, తండ్రికి నొప్పి కలగకుండా.

అక్కడి కోర్టు

కొత్తవాళ్లు ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. వేరే జిల్లాలోనో వేరే రాష్ట్రంలోనో వారంటు మీద మనిషిని పట్టుకుంటే ముందు అక్కడి కోర్టు ముందు పెట్టాలి. ఇది ఉత్త తతంగం కాదు. ఆ మనిషి అక్కడ జామీను అడుక్కోవచ్చు. అక్కడైతే పూచీ నిలబడేందుకు ఊరంతా ఉంటుంది. పరాయి ఊరికి తెచ్చాక పూచీ ఎవరు నిలబడతారు?

నేను సి.ఐ. గారికి ఫోన్ చేసి అడిగాను. "రేపు ఆదివారం. అక్కడ పెడితే రెండు రోజులు పోద్ది. బెయిలొచ్చిందంటే మనిషే రాడు. సాయంత్రానికల్లా తీసుకొచ్చెయ్," అన్నారు. ఇంతకాలం ఈ తప్పు ఆయన మీద పెట్టి చెప్పుకున్నాను. నిజానికి ఆయన ఏమంటారో తెలిసే ఫోన్ చేశాను. నాకూ ఆదివారం ఇంట్లో ఉండాలని ఉంది.

చేతికి సంకెళ్లు వేసి పైన తువాలు కప్పాను. వేయకూడదు, కోర్టు అనుమతి కావాలి. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. దారంతా ఒక్కటే అడిగాడు, అదీ మూడుసార్లు: ఎల్లుండికి ఇంటికి పోవచ్చునా అని. పోవచ్చు తీ అన్నాను, మూడుసార్లూ.

అమెరికాలో అయితే

మల్లప్ప తరఫున కోర్టులో నిలబడింది సుజాత గారు. సైదాబాద్ ఆవిడే, చిన్న కేసులు పట్టేది, ఫీజు సరిగా అడగడం రాని వకీలు. జామీను దరఖాస్తులో ఒకే మాట మీద నిలబడింది. నా క్లయింట్ పారిపోలేదు, ఊరికి పోయే ముందు పోలీసులకు చిరునామా రాసిచ్చాడు, తండ్రి మంచంలో ఉన్నాడు, సొంత పూచీ మీద ఇవాళే వదలండి అని.

మెజిస్ట్రేటు గారు నా వైపు చూశారు. "ఏం, ఇచ్చాడా?"

చీటీ నా చొక్కా జేబులో ఉంది. ఆటో అతనికి చూపించాక అక్కడే ఉండిపోయింది. తీసి ఇస్తే ఆ సాయంత్రమే మల్లప్ప రాయచూరు బస్సు ఎక్కేవాడు. కానీ తెలియరానట్లు అని నా సంతకంతో ఉన్న రిపోర్టు కోర్టు ఫైల్లో ఉంది. నా రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది.

"అట్లాంటి కాగితం ఏదీ స్టేషన్‌కు అందలేదు సార్," అన్నాను.

నిజమే. స్టేషన్‌కు అందలేదు, నాకు అందింది. ముప్పై ఏళ్ల సర్వీసు మనిషికి నేర్పే తెలివి ఇది.

మల్లప్ప నన్ను చూశాడు. కోపంగా కాదు. లెక్కలో తనే ఎక్కడో తప్పినట్టు చూశాడు. ఇద్దరు స్థానికుల పూచీ మీద జామీను ఇచ్చారు. కొత్తపేట మార్కెట్ లేదు, తెలిసినవాళ్లు ఎక్కడెక్కడో చెదిరిపోయారు. మల్లప్ప జైలుకు పోయాడు.

కోర్టు బయట చాయ్ తాగుతుంటే సుజాత గారు వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"అన్నా, అమెరికాల రాష్ట్రాలుంటయి గద. ఆడ చిన్న కేసయితే, ఎంత దూరం దాంక పోయి తేవాల్నో వారంటు వెంబడే రాసి పెడ్తరంట. పక్క రాష్ట్రం దాంకనే అని ఉంటె, అవతల దొరికినా పోరంట. ఆడి పోలీసోల్లు పట్టుకున్నా, మాకొద్దు అంటె ఇడ్సిపెడ్తరంట. రెండు డబ్బాల బత్తాయిలకు ఎవడు బండి తీస్తడు?"

"మంచిగున్నది గద," అన్నాను.

"ఏం మంచి? తీసుకపోరు గని వారంటు కొట్టెయ్యరంట. మనిషి ఎన్నడన్న సొంతూరికి పోతే అది గాడనే కూసోని ఉంటది."

అప్పటికీ నాకు నోరు ఊరుకోలేదు. "అయితే మనమే నయం సుజాతమ్మా. తెచ్చి తేల్చేస్తం," అన్నాను.

"తెచ్చినవ్ గదన్నా. తేల్చు," అని వెళ్లిపోయింది.

ఆమె బాటసింగారం ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలియదు. చివరికి పాత మార్కెట్ మేస్త్రీ ఒకాయన, కొత్తపేటలో సొంతిల్లు ఉన్న మనిషి, తన బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చి పూచీ నిలబడ్డాడు. అప్పటికి ఇరవై మూడు రోజులు. మధ్యలో ఆమె ఒకసారి స్టేషన్‌కు వచ్చి, చీటీ సంగతి మళ్లీ అడిగింది. నేను డ్యూటీ మీద బయట ఉన్నట్టు చెప్పించాను. వెనక గదిలో ఉన్నాను.

గుండు

అతన్ని తెచ్చిన నెలకు లోక్ అదాలత్. ఆ కమీషన్ దుకాణం యజమాని మొదటిసారి వచ్చాడు, బండి తాళాలు ఊపుకుంటూ. ఆ కేసు ఇంకా ఉందా అన్నాడు. వదిలేయండి అన్నాడు. ఐదు నిమిషాల్లో రాజీ అయిపోయింది.

వరండాలో పాత చోటే, గోడకు ఆనుకుని మల్లప్ప. తల నున్నగా ఉంది. నాకు ఊరికే ఉండటం తెలియదు కదా.

"ఏంది మల్లప్పా, తిరుపతి పోయొచ్చినవా? లడ్డు ఏది?" అన్నాను.

"నాయిన పోయిండు సారూ," అన్నాడు.

నేను అతన్ని తెచ్చిన తొమ్మిదో రోజున. చెల్లెలు వచ్చి ఎంత బతిమాలినా ముసలాయన నోరు తెరవలేదట. ఆయన అన్న కొడుకు చితికి నిప్పు పెట్టాడు. జైలులో ఉన్నవాడికి ఎవరు చెబుతారు? వదిలాక బస్సు దిగి ఇంటికి పోతే మంచం నిలువుగా గోడకు చేరవేసి ఉందట. అప్పుడు తెలిసింది.

అతను ఇదంతా నేల చూస్తూ చెప్పాడు. పోబోయి ఆగాడు.

"ఒక్క మాట సారూ. గా దినం కోర్టుల చీటీ లేదన్నరు. పోయిందా?"

నా జీవితంలో నాకు ఎవరైనా దారి ఇచ్చింది ఉంటే అది అప్పుడే. పోలేదు, నా దగ్గరే ఉంది, అబద్ధం చెప్పాను అనొచ్చు. వరండాలో మేమిద్దరమే ఉన్నాం. వినేవాళ్లు లేరు, నా ఉద్యోగానికి వచ్చిన ముప్పూ లేదు.

"పోయింది," అన్నాను.

"నేను గట్లనే అనుకున్న," అని తల ఊపాడు. ఊరట పడినట్టు ఊపాడు. అబద్ధమాడానన్న అనుమానం నుంచి నన్ను కాపాడుకుంటూ వచ్చాడేమో ఇన్ని రోజులు. దండం పెట్టి మెట్లు దిగి పోయాడు.

శాలువా

నా రిటైర్మెంటు సభలో సి.ఐ. గారు మాట్లాడుతూ, చిరునామా లేని ముద్దాయిని పరాయి రాష్ట్రంలో వాసన పట్టి తెచ్చినవాడు మా నరసింహ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. నేను వంగి నమస్కారం చేశాను. గొర్రెల వేషం, పత్తి చేను, మోకాలు, ఇవన్నీ ఆ చప్పట్ల తర్వాత ఒక్కొక్కటిగా నేను చేర్చినవి. కథ ఎంత పెరిగితే చీటీ అంత లోపలికి పోతుందని నా ఆశ.

పోలేదు. ఇదిగో ఇది రాస్తున్నప్పుడు బల్ల మీదే ఉంది.

పైవాటా కుర్రవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. చిన్న కేసు వారంటు చేతికి వస్తే, బయలుదేరే ముందు ఆ మనిషి ఏం చేశాడో చదవండి. వెళ్లే దూరం ఆ తప్పుకు సరిపోతుందా చూసుకోండి. పరాయి ఊళ్లో పట్టుకుంటే అక్కడి కోర్టు ముందు పెట్టండి, ఆదివారమైనా సరే. చాయ్ హోటల్లో రిపోర్టు రాయకండి. ఎవరైనా చేతిలో కాగితం పెడితే మడత పెట్టకముందే పూర్తిగా చదవండి.

నేను చదవలేదు. ఊరి పేరు, తాలూకా, కిరాణా కొట్టు ఫోన్ నంబరు, ఇంతవరకే చదివాను. ఆటో అతనికీ పై సగమే కావలసి వచ్చింది. కింది మడత విప్పింది సభ అయిన రోజు, శాలువా మడత పెట్టి బీరువాలో పెట్టాక. నీలం సిరాతో, ఇంటి యజమానురాలి గుండ్రటి అక్షరాలతో ఇంకో వరుస ఉంది.

"వాయిదా ఉంటే ఫోను చేయండి సారు, నేనే వస్తాను. మీకు శ్రమ వద్దు."